దేవుని గదిలో పెయింట్ బకెట్

మా ఇల్లు తిరుపతిలో ఒక పల్లపు కాలనీలో ఉంది. ఒకప్పుడు అక్కడ కుంట ఉండేదట. కుంటను పూడ్చి ప్లాట్లు వేశారు, ఆ ప్లాట్లు కొని మాలాంటివాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. అక్కడ కుంట ఉండేదన్న సంగతి మేమందరం మర్చిపోయాం గాని నీళ్లు మర్చిపోలేదు. కార్తీకంలో వాయుగుండం పట్టి రెండు రోజులు వాన పడితే చాలు, ఎవరినీ అడగకుండా వచ్చి తమ జాగాలో తాము కూర్చుంటాయి. మధ్యలో మా మంచాలు, బీరువా ఉన్నాయే అన్న మొహమాటం వాటికి లేదు.

మొదటిసారి నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు నేను, మా ఆయన, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, మా అత్త, నలుగురమూ ఇంట్లోనే ఉన్నాం. మా అత్తకు ఉబ్బసం. చలిగాలి తగిలినా, కంగారు పడినా ఊపిరి అందదు. నోట్లో పెట్టుకుని పీల్చే మందు, అదే ఇన్‌హేలర్, చేతికి అందకపోతే ఆమె ప్రాణానికే ముప్పు. ఆ సాయంత్రం నీళ్లు గడప దాటడమూ, కరెంటు పోవడమూ, ఆమెకు ఆయాసం ఎత్తుకోవడమూ ఒక్కసారే జరిగాయి. ఇన్‌హేలర్ మాత్రం ఎక్కడా లేదు.

నేను దిండ్ల కింద వెతికాను. మా అమ్మాయి కిటికీ గట్టు మీద వెతికింది. మా ఆయన సెల్‌ఫోన్ లైటు వేసుకుని బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాడు. ఉబ్బసం మందును బియ్యంలో ఎవరు పెడతారని అరిచాను. "అంతా ఎతకాల గదా" అన్నాడాయన. మా అత్త మంచం మీద కూర్చుని, నోరు తెరుచుకుని గాలిని లాక్కుంటూ, మాటిమాటికీ కడుపు వైపు చెయ్యి చూపిస్తోంది. కడుపు నొప్పి కూడా వచ్చిందేమో అనుకుని నాకు ఇంకా భయమేసింది. చివరికి మా అమ్మాయి ఆమె నడుముకు వేలాడే వక్కాకు సంచి విప్పి చూసింది. ఇన్‌హేలర్ అందులోనే ఉంది. అది ఎక్కడుందో మా అత్తకు మొదటినుంచీ తెలుసు. చెప్పడానికి ఊపిరి లేదు, అంతే.

నీళ్లు పెరుగుతుంటే ఆమెను మేడ మీదికి చేర్చాల్సి వచ్చింది. మా ఆయన అప్పటికే టీవీ ఎత్తుకుని మెట్లెక్కుతున్నాడు. టీవీకి ఇంకా వాయిదాలు మిగిలున్నాయి, ఆయనను మరీ తప్పు పట్టలేను. నేను మా అత్తను వీపు మీద ఎక్కించుకుని మోశాను. మనిషి చూడడానికి పిడికెడే గాని, ఆ మెట్ల మధ్యలో నా నడుములో ఏదో టక్కుమంది. ఆ రోజునుంచి నడుము నొప్పి పట్టుకుంది.

మా అత్తకూ నాకూ పోట్లాటలు లేవు. మాటలూ పెద్దగా లేవు. ఆమె పొద్దున్నే లేచి స్నానం చేసి దీపం పెడుతుంది, నేను స్కూలుకు పోయే హడావిడిలో ఉంటాను. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నీళ్లు వచ్చిపోయిన మరుసటి వారం నుంచి ఆమెకు ఒక అలవాటు మొదలైంది. నేను స్టవ్వు ముందు నిలబడగానే వంటింటి గడప దగ్గరికి వచ్చి అడిగేది.

"ఏమ్మే, నడుము ఎట్లుండాది?"

"ఉండాది."

అంతే మా సంభాషణ. ప్రతి పొద్దూ అదే. నడుము బాగైతే మినరల్ వాటర్ క్యాను ఎత్తుతానా, గ్రైండరు రాయి ఎత్తుతానా అని కనుక్కుంటోందని నాకు ఒళ్లు మండేది. అందుకే నొప్పి ఉన్న రోజూ "ఉండాది" అన్నాను, లేని రోజూ "ఉండాది" అన్నాను.

మా స్కూల్లో ఒకసారి ఆపదలకు ముందే ఎలా సిద్ధంగా ఉండాలో చెబుతానని ఒకాయన వచ్చాడు. ప్రతి ఇంట్లో ఒక అత్యవసర సంచి ఉండాలని చెప్పి, తాను తెచ్చిన సంచి విప్పి ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. మడత పొయ్యి, మురికినీళ్లను మంచినీళ్లు చేసే గొట్టం, చేత్తో తిప్పితే వెలిగే దీపం, వెండి రేకులా మెరిసే దుప్పటి. టీచర్లందరూ ఫోటోలు తీసుకున్నారు. నేను ధర అడిగాను. ఆయన చెప్పాడు. ఆ సంచి కొనే స్తోమతే ఉంటే పల్లంలో ఇల్లెందుకు కట్టుకుంటాం అనుకుని కూర్చున్నాను.

కాని ఇంటికొచ్చాక మా అత్త గాలి కోసం నోరు తెరిచిన దృశ్యమే కళ్ల ముందు ఆడింది. ఇంకోసారి అలా వెతకలేను. కాబట్టి మా ఇంటి తాహతుకు తగ్గట్టు నేనే ఒకటి తయారు చేద్దామని మొదలుపెట్టాను. కొత్తగా కొనేది ఒకే ఒక్కటి, ఇంకో ఇన్‌హేలర్. మిగతావన్నీ ఇంట్లో ఉన్నవే అయ్యుండాలి.

సంచికి బదులు పెయింట్ బకెట్ దొరికింది. పక్కింటివాళ్లు రంగులు వేయించుకుని ఖాళీ బకెట్‌ను గోడవతల పడేస్తే అడిగి తెచ్చుకున్నాను. బిగుతైన మూత, చుక్క నీరు పోదు, పైగా నీళ్లలో తేలుతుంది. దాని మీద ఒక ఆలుమగలు తమ ఇంటి గోడను చూసి పగలబడి నవ్వుతున్న బొమ్మ ఉంది. గోడను చూసి అంత నవ్వొచ్చే ఇల్లు వాళ్లదెక్కడో నాకు తెలియదు. బకెట్ కడిగి, ఎండబెట్టి, పనికొచ్చేవన్నీ అందులో సర్దాను. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, ఇంటి కాగితాల నకళ్లను చీరల షాపువాళ్లిచ్చే ప్లాస్టిక్ కవర్లో చుట్టాను. పాత టార్చిలైటు, దానికి సెల్లులు విడిగా. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, బిస్కెట్లు, బెల్లం, ఉప్పు, చక్కెర. తాడు కొనకుండా రెండు పాత నూలు చీరలను పొడవుగా చించి జడలా అల్లాను. మా అమ్మాయికి ఆటల పోటీల్లో వచ్చిన విజిల్ వేశాను. మూత తియ్యడం కష్టం కాబట్టి దాన్ని ఎత్తడానికి ఒక గట్టి గరిటె కూడా బకెట్లోనే వేశాను. ఆ తెలివితేటల గురించి తర్వాత చెబుతాను. అన్నిటికంటే పైన ఇన్‌హేలర్ పెట్టాను. మూసిన బకెట్‌ను హాల్లో బీరువా పక్కన ఉంచి, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. అందరూ తలూపారు.

నెల తిరిగి మూత తీసేసరికి టార్చి సెల్లులు లేవు. మా ఆయన వాటిని టీవీ రిమోట్లో వేశాడు. ఆయనకు సెల్‌ఫోన్ రిపేరు అంగడి ఉంది, ప్రపంచంలోని బ్యాటరీలన్నీ ఆయన కళ్ల ముందే ఉంటాయి. అయినా నా బకెట్లోవే కావాల్సి వచ్చాయి. బిస్కెట్లు మా అమ్మాయి తినేసింది. పరీక్షలు కూడా ఆపదేనంది. అగ్గిపెట్టె దీపం వెలిగించడానికి పోయింది, అది మా అత్త పని. తాడు బట్టలారేసే దండెంగా మారి మేడ మీద ఎండకు వెలిసిపోతోంది. దాన్ని కట్టింది నేనే, ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇన్‌హేలర్ ఒక్కటి మిగిలింది, దానితో ఇంకెవరికీ పని లేదు కాబట్టి.

"వాన ఎప్పుడో వస్తాది. రిమోటు ఈ పొద్దు పని చెయ్యాల గదా" అన్నాడు మా ఆయన. పోయినవన్నీ మళ్లీ వేసి, బకెట్ ఎత్తుకుపోయి దేవుని గదిలో పెట్టాను.

నా బుర్రకు తట్టిన ఉపాయాల్లో అంత గొప్పది ఇంకొకటి లేదని చాలాకాలం అనుకున్నాను. మా ఇంట్లో స్నానం చెయ్యకుండా దేవుని గదిలోకి ఎవరూ పోరు. మా ఆయన స్నానం అంగడికి పోయేముందు, రిమోట్ అవసరం అంగడినుంచి వచ్చాక. మా అమ్మాయికి ఆకలి వేసే వేళకు ఒంటి మీద మడి ఉండదు. బీరువాకు తాళం వేస్తే తాళంచెవి వెతుకుతారు గాని, ఆ గదికి తాళం అక్కర్లేదు. సెల్లులు ఎక్కడివక్కడ ఉండిపోయాయి. బిస్కెట్లు మెత్తబడే దాకా భద్రంగా ఉన్నాయి.

నేను ఊహించనిది మా అత్త భక్తి. దేవుని గదిలో ఉన్న వస్తువుకు బొట్టు లేకపోతే ఆమెకు తోచదు. మొదటి శుక్రవారమే బకెట్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టింది. నవ్వుతున్న ఆలుమగలిద్దరికీ చెరో బొట్టు పెట్టింది. ఆయుధపూజ నాడు నిమ్మకాయ కోసి దాని ముందర పెట్టి, మూత మీద చేమంతిపూల చెండు పరిచింది. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన మా ఆడబిడ్డ పటాలకు దండం పెట్టుకుంటూ వచ్చి, బకెట్‌కు కూడా దండం పెట్టి, తర్వాత ఇదేందని అడిగింది. "వాన వస్తే తీసేది" అంది మా అత్త గంభీరంగా. మా అమ్మాయి దానికి బకెట్ సామి అని పేరు పెట్టింది.

సామి అయ్యాక తనిఖీలు కష్టమైపోయాయి. నెలకోసారి మూత తీసి చూసుకుందామంటే, "పూజ చేసిన దాన్ని ఊరికే కదిలిస్తారామ్మే?" అనేది మా అత్త. నాకూ స్కూలు పనులు, పరీక్ష పేపర్లు. ఆమె చూసుకుంటోంది కదా అని ఊరుకున్నాను. ఆపదకు తయారుగా ఉన్నామన్న నిశ్చింతలో హాయిగా నిద్రపోయాను.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున నగరి నుంచి ఫోన్ వచ్చింది. మా అత్త ఫోను మోగితే స్పీకర్ పెట్టి గాని మాట్లాడదు. మా ఆయన పెదనాయన పోయాడని అవతలి మనిషి చెబితే ఇల్లంతా వినపడింది. ఆయన మగ్గం నేసిన మనిషి, నిండు వయసు, నిద్రలోనే పోయాడు. అందరం అయ్యో అనుకున్నాం. ఆ వెంటనే నాకు బకెట్ గుర్తొచ్చింది.

ఎందుకంటే దాయాదులు పోతే పది రోజులు మైల. మైల ఉన్నన్నాళ్లు దేవుని గదిలో దీపం ఉండదు, లోపలికి ఎవరూ పోరు. ఆ మైల మనిషి పోయినప్పుడు కాదు, ఆ మాట మన చెవిన పడ్డప్పుడు మొదలవుతుంది. స్పీకర్ పెట్టకుండా మా అత్త ఒక్కతే వినుంటే, నాకు చెప్పేలోగా నేను లోపలికి పోయి బకెట్ తెచ్చుకునేదాన్ని.

"అత్తా, ఆ బకెట్టు ఒక్కటి ఇవతల పెట్టుకుంటా" అన్నాను.

"వినేసినాం గదమ్మే. ఇంగ లోపలికి యాడ పొయ్యేది?" అని ఆమె తలుపు మూసి గొళ్లెం పెట్టేసింది.

పోనీలే, ఆమె వక్కాకు సంచిలో ఇంకో ఇన్‌హేలర్ ఉంది గదా అనుకున్నాను. ఆ డబ్బాలో మందు ఎంత మిగిలిందో పైకి కనపడదు. కొత్తది తెద్దాం, తెద్దాం అనుకుంటుండగానే వాయుగుండం పట్టింది. రెండు రోజులు తెరిపి లేని వాన. మందుల షాపు షట్టరు సగానికి దించి ఉంది, ఆ మరునాడు మొత్తానికి దించేశారు.

పదో రోజు కర్మకు మా ఆయన పొద్దున్నే నగరికి పోయాడు. మా అత్తకు అప్పటికే జలుబు పట్టి ఎదలో పిల్లికూతలు వినపడుతున్నాయి, అందుకని ఆమెను, అమ్మాయిని పెట్టుకుని నేను ఇంట్లో ఉండిపోయాను. మరునాడు ఇల్లు శుద్ధి చేసుకుంటే గది తెరవచ్చు. నీళ్లు ఒక్క రోజు ఓపిక పట్టుంటే సరిపోయేది.

మధ్యాహ్నం భోజనాలు కాగానే మురికికాలవ పొంగి వీధిలోకి వచ్చింది. ఈసారి నేను కంగారు పడలేదు. మెయిన్ స్విచ్ ఆపాను. గ్యాస్ సిలిండర్ కట్టేసి, అమ్మాయి సాయంతో గట్టు ఎక్కించాను. బియ్యం, పప్పులు అటక మీద, తాగే నీళ్లు బిందెల్లో, ఛార్జింగ్ పెట్టిన ఫోన్లు మా అమ్మాయి బడిసంచిలో. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోతుంటే నా మీద నాకే ముచ్చటేసింది. గడప తడవక ముందే మా అత్తను మెల్లగా నడిపించుకుంటూ మేడ మెట్ల మలుపు దాకా తెచ్చాం. అక్కడ ఆమె కూలబడింది.

ఆయాసం ఎత్తుకుంది. మా అమ్మాయి వక్కాకు సంచి విప్పి ఇన్‌హేలర్ నోట్లో పెట్టింది. నొక్కితే ఉత్త గాలి వచ్చింది. ఇంకోసారి నొక్కితే అదీ రాలేదు.

ఆమె పెదవుల రంగు మారుతోంది. మెడ నరాలు తేలుతున్నాయి. కింద మా ఇంట్లో నీళ్లు మోకాటి దాకా వచ్చేశాయి, ఆ నీళ్లకవతల గొళ్లెం పెట్టిన తలుపు ఉంది, ఆ తలుపు వెనక కొత్త ఇన్‌హేలర్ ఉంది. నేను ఒక మెట్టు దిగగానే మా అత్త నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. వద్దని తల అడ్డంగా ఊపింది. మాట రావడం లేదు, వేలితో పైకి చూపించింది. మేడ మీద వాటాలో ఉండే ఆమె వేరే ఇంటి మనిషి, ఆమెకు మైల లేదు, ఆమె పోయి తెస్తే ఏ దోషమూ లేదని దాని అర్థం. చావుబతుకుల్లో కూడా ఆమెకు ఆ లెక్క తప్పలేదు.

నేను గట్టిగా కేక వేస్తే మేడ మీదామె తలుపు తీసింది. సంగతి చెప్పాను.

"అయ్యో అక్కా, నేను దూరంగా ఉండాను. ఈ పొద్దు రెండో రోజు" అందామె, ఏడుపు ముఖంతో.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె మీద కాదు, మా అత్త మీద కూడా కాదు. పట్టిపట్టి ఆ గదినే వెతుక్కుని, అక్కడే దాచిన నా తెలివి మీద. కుచ్చిళ్లు లాక్కుని, "మీ సామితో నేను మాట్లాడుకుంటాలే అత్తా, మీరు ముందు ఊపిరి పీల్చండి!" అని అరిచి కిందికి దిగాను. "అవ్వా, మెల్లగా, మెల్లగా" అంటూ మా అమ్మాయి ఆమె వీపు రాస్తోంది.

గొళ్లెం తీశాను. తలుపుకు నీళ్లు అడ్డం పడి సగమే తెరుచుకుంది. లోపల గట్టు మీద బకెట్ పొడిగా, ఎండిన చేమంతులతో, బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆలుమగలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మూత లాగితే రాలేదు. నెలల తరబడి పూసిన పసుపూ గంధమూ అంచుల్లోకి దిగి గట్టిగా అతుక్కుపోయాయి. దాన్ని ఎత్తే గరిటె ఎక్కడుందా అని చుట్టూ చూశాను. గరిటె బకెట్ లోపల ఉంది.

బకెట్ మొత్తాన్ని మెట్ల మీదికి మోసుకుపోవచ్చు గాని, అక్కడ మాత్రం దేనితో తెరుస్తాను? మెట్ల మీదినుంచి మా అత్త ఊపిరి కూతలు నాకు ఇక్కడికే వినపడుతున్నాయి. చేతికి దొరికింది తీర్థం ఇచ్చే ఉద్ధరిణి. దాన్ని మూత కింద దూర్చి, "సామీ, నువ్వు అటు తిరుక్కో" అని గట్టిగా ఎత్తాను. ఉద్ధరిణి వంగిపోయింది. మూత లేచింది. పైన నేను పెట్టని పసుపుగుడ్డ మూట ఒకటి అడ్డంగా ఉంది. దాన్ని పక్కకు తోసి, కింద ఉన్న ఇన్‌హేలర్ అందుకుని పరుగెత్తాను.

మొదటిసారి పీల్చినప్పుడు ఏమీ మారలేదు. రెండోసారి కూడా మారలేదు. నాకు దేవుళ్లందరూ గుర్తొచ్చారు, కాసేపటి కింద తిరుక్కోమన్న ఆయనతో సహా. కాస్త ఆగి ఇంకోసారి పీల్పించాక ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి. కూత సన్నబడింది. చాలాసేపటికి కళ్లు తెరిచి నా వైపు చూసింది. చచ్చి బతికిన మనిషి మొదట ఏమంటుందోనని నేనూ మా అమ్మాయీ వంగి విన్నాం.

"కాళ్లు కడుక్కోని పోయినావా?" అంది.

"మోకాటి లోతు నీళ్లలో పోయినా అత్తా. అంతకంటే ఎట్ల కడుక్కునేది?"

ఆమె కాసేపు ఆలోచించింది. "అదీ నిజమే" అని కళ్లు మూసుకుంది. మా అమ్మాయి నవ్వడం మొదలుపెట్టి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. మేడ మీదామె చేతికి తగలకుండా కాఫీ గ్లాసులు మెట్టు మీద పెట్టి పోయింది.

కాఫీ తాగుతుంటే నాకొక విషయం తట్టింది. ఆ మెట్లను నేను రెండేసి చొప్పున దూకుతూ ఎక్కాను. నడుము చప్పుడు చెయ్యలేదు. వంగి చూశాను, అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా నొప్పి లేదు. రేపు పొద్దున అత్త అడిగితే బాగైపోయిందని మంచిగా చెబుదాం, పాపం, చచ్చి బతికింది అనుకున్నాను.

మరునాటికి నీళ్లు తీశాయి. మా ఆయన చెప్పులు చేత పట్టుకుని నగరి నుంచి దిగాడు. తల్లిని చూసి, నన్ను చూసి, హాల్లోకి పోయి నిలబడ్డాడు. టీవీ తడిసిపోయింది. ఈసారి దాన్ని ఎవరూ మొయ్యలేదు. ఆయన కూడా దాని ఊసెత్తలేదు.

ఇల్లు కడిగాం. శుద్ధి చేసుకున్నాం. మా అత్త దేవుని గదిని తనే పసుపునీళ్లతో కడుగుతానంటే పీట వేసి కూర్చోబెట్టాను. నేను బకెట్‌ను మేడ మీదికి తెచ్చి, అందులోవి ఎండకు పరుస్తున్నాను. మా అత్త ఎప్పుడో మూత తీసి లోపల కూడా పసుపునీళ్లు చల్లినట్టుంది, అగ్గిపుల్లలన్నీ ముద్దైపోయి ఉన్నాయి. వాటితో పాటు ఆ పసుపుగుడ్డ మూట. లోపల రూపాయి బిళ్ల చేతికి తగిలింది. కొండమీది సామికి మొక్కుకుని కట్టే ముడుపు.

మా అత్త మెట్ల మలుపు దాకా వచ్చి నిలబడితే ఆ మూట చూపించాను. "ఇదేంది అత్తా, ఉబ్బసం తగ్గాలని మొక్కుకున్నారా?"

"నా ఉబ్బసానికి సామి ఏం చేస్తాడే? అది నాతో పొయ్యేదే."

"మరి?"

"నీ నడుముకి."

నేను మూటను మళ్లీ తడిమి చూశాను.

"ఆ పొద్దు నన్ను మోసినావు గదా. నావల్లనే గదా నీ నడుము పోయినాది. మర్నాడే మొక్కినా, నీ నడుము పూర్తిగా బాగైపోతే అలిపిరి కాడ నుంచి కొండకు నడిచి వస్తానని. ముందు పటం వెనకాల ఉండె. నీ బకెట్టు వచ్చినాంక దాంట్లో ఏసినా. ఎంత వాన వచ్చినా దాంట్లో చుక్క నీరు పోదంటివి గదా."

"నడిచా?" అన్నాను. "మీరా?"

"బస్సులో పోతే అదేం మొక్కు?"

"మీ బదులు నేను నడుస్తా అత్తా."

"బాగుండాదే! మొక్కు నాది, కాళ్లు నీవా?"

మా మేడ మెట్ల మలుపు కాడే కూలబడిన మనిషి. కొండ మెట్ల దారిలో మోకాళ్ల పర్వతం దాకా ఎందుకు, గాలిగోపురం కూడా దాటలేదు. ఆ సంగతి ఆమెకు తెలియకుండా ఉంటుందా? తెలిసే మొక్కుకుంది. ఇన్నాళ్లూ ప్రతి పొద్దూ వంటింటి గడప దగ్గరికి వచ్చి అడిగింది గ్రైండరు రాయి కోసం కాదు, తన ప్రయాణం ఎప్పుడని. నేను ముఖం తిప్పుకుని "ఉండాది" అన్నాను. ఆ చిరాకే ఇన్నాళ్లూ ఆమెను బతికించిందని అప్పుడర్థమైంది. ఆమె మీద ప్రేమ పొంగింది, పట్టుకుని నాలుగు కేకలేద్దామనీ అనిపించింది.

"పసుపుగుడ్డ మైల పడింది, కొత్తది కడతా" అని మూట చేతిలోకి తీసుకుంది. రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగింది. "ఇంతకీ ఎట్లుండాది నడుము?"

నేను నడుము మీద చెయ్యి వేసుకున్నాను. "నిన్న పరుగెత్తినా గదా అత్తా. ఇంకా ఎక్కువైంది."

"అయ్యో" అంది. ఆమె ముఖం చిన్నబోయింది. అది చూడడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మా ఆయనకు సంగతంతా చెప్పాను. "అయితే నీ నడుము ఇంగ బాగయ్యేందుకు లేదు" అన్నాడు. ఆ రోజునుంచి మినరల్ వాటర్ క్యాను తనే మోస్తున్నాడు, కనీసం వాళ్లమ్మ చూస్తున్నప్పుడు.

బకెట్ ఇప్పుడు హాల్లో, ఎత్తైన అలమర మీద ఉంది. మూత మీద వెంకటేశ్వరస్వామి స్టిక్కరు ఒకటి అతికించాను. బాగుచేయించిన టీవీ రిమోటు చేత పట్టుకుని అటు పోయిన మా ఆయన స్టిక్కరు చూసి వెనక్కి వస్తాడు, మైల వచ్చినా బకెట్ మాత్రం మాకు అందుతుంది. గరిటెను బయట తాడుతో కట్టాను. అగ్గిపుల్లలను, గీసే పట్టీని మందుల సీసాలో పెట్టి బిరడా బిగించాను. ఇన్‌హేలర్లు రెండున్నాయి, వక్కాకు సంచిలోది మార్చాల్సినప్పుడల్లా బకెట్లోది అక్కడికి, కొత్తది బకెట్లోకి పోతుంది. ముడుపు కూడా అందులోనే ఉంది. నెలకోసారి మూత తీసి, మిగతావాటికి గడువు దాటకుండా చూసుకుంటాను. ముడుపును మాత్రం ముట్టుకోకుండా పక్కకు జరిపి మళ్లీ మూత పెడతాను.

స్కూల్లో కొత్త టీచర్లు అడిగితే ఇవన్నీ వివరంగా చెబుతాను. పెద్ద ఖర్చేమీ ఉండదని ధైర్యం కూడా చెబుతాను. మా ఇంటికి అన్నిటికంటే అవసరమైన జాగ్రత్త ఏమిటో మాత్రం చెప్పను.

నిన్న పొద్దున మా ఆయన ఇంకా లేవలేదు. కాఫీకి నీళ్లు లేవు. వాకిట్లో ఉన్న క్యానును ఒక్క ఊపులో ఎత్తి భుజాన పెట్టుకుని వంటింట్లోకి వచ్చాను. ఇంతలో దేవుని గది గొళ్లెం చప్పుడైంది. క్యానును గబగబా కింద పెట్టి, గోడకు ఆనుకుని, నడుము పట్టుకుని "అబ్బా" అన్నాను.

"ఏమ్మే, నొప్పిగా ఉండాదా?" అంది మా అత్త గడప దగ్గర నిలబడి.

"ఉండాది అత్తా," అన్నాను. "ఇది ఇప్పట్లో పొయ్యేట్టు లేదు."